ఖోకా పడిన చప్పుడు

కర్నూలు,
12 ఫిబ్రవరి 2023.

ఓబులమ్మకు,

లేవి రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. నువ్వూ, నీ అంగన్‌వాడీ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఫోను కింద పడి అద్దం పగిలింది. వెలుతురు రాదు, మెసేజీలు కనబడవు. ఇక్కడ ఆయుధాగారం గేటు లోపలికి టచ్ ఫోను రానివ్వరు కాబట్టి కొత్తది కొనే ఆలోచన లేదు. కాల్పులు నేర్పే రేంజి దగ్గర సిగ్నల్ కూడా సరిగా ఉండదు. అందుకే ఇకమీదట ఉత్తరాలు రాద్దామనుకున్నాను.

శిక్షణకు కొత్త కానిస్టేబుళ్ల బ్యాచి వచ్చింది, నలభై మంది. వాళ్లకు పాత ఎస్.ఎల్.ఆర్. రైఫిళ్లే. ఈ రైఫిల్ కాల్చినప్పుడు ఖాళీ ఇత్తడి గొట్టం, మేము ఖోకా అంటామే, అది కుడిపక్క కిటికీలోంచి ఎగిరి పడుతుంది. ఊరికే పడదు. కిటికీ వెనక అంచుకు కొట్టుకుని పోతుంది. అక్కడ నల్లపూత లేచి తెల్ల ఇనుము బయటపడుతుంది. దాని మీద ఇత్తడి గీతలు. వానలు మొదలైతే తుప్పు పట్టేది కూడా అక్కడే. ఖోకా మూతి నొక్కుకుపోతుంది. పైగా పది అడుగుల దూరం పోయి పడుతుంది. కాల్చినన్ని ఖోకాలూ తిరిగి అప్పజెప్పాలి, ఒక్కటి తగ్గినా రిపోర్టు రాయాలి.

కిటికీ వెనక బొటనవేలి గోరంత సైకిల్ ట్యూబు ముక్క అంటించి చూశాను. రెండు రోజులు నిలిచింది. మూడో రోజు ఎండకు, నూనెకు జారిపోయింది. మెత్తగా ఉండాలి, గట్టిగా పట్టుకోవాలి, అట్లాంటిది ఏదైనా నీకు తోస్తే రాయి. కుట్టుపని తెలిసినదానివి.

చలి తగ్గింది. ఒంట్లో జాగ్రత్త.

లేవి


నల్లగుట్టపల్లె, మైదుకూరు,
20 ఫిబ్రవరి 2023.

లేవి మామకు ఓబులమ్మ వందనాలు.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ దాసన్న తెచ్చిచ్చాడు. ఇంటి ముందు సైకిల్ ఆపి కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా సంచిలో బ్యాంకు కాగితాలు, కోర్టు కాగితాలు తప్ప ఏమీ రావు పాపా. చేత్తో రాసిన కవరు చూసి ఆరేండ్లాయ. మీ ఆయనకు ఏమన్నా అయిందా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఫోను అద్దం పగిలితే మాట పగలదు కదా. పోయిన ఆదివారం నేను చేశాను. ఎత్తావు. "సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు" అని రెండుసార్లు అరిచి పెట్టేశావు. నీ వెనక కాకి అరిచేది నాకు వినబడింది. కాకికి ఉన్న సిగ్నల్ నీకు లేదా మామా?

నువ్వు కర్నూలుకు పోయి మూడేండ్లు. ఈ మూడేండ్లలో సాయంత్రం ఆరున్నరకు నీ ఫోను రాని రోజు లెక్కపెట్టవచ్చు. సెంటరుకు తాళం వేసి మెట్ల మీద కూర్చుని మాట్లాడేదాన్ని. ఇప్పుడూ ఆరున్నరకు అక్కడే కూర్చుంటున్నా. ఏడు దాకా చూసి లేస్తా. నీకు నాతో మాట్లాడటం ఇష్టం లేకుంటే అది రాయి. కాగితం మీద రాయడం నోటితో చెప్పడం కంటే సులువే కదా.

ఇక నీ రైఫిల్ సంగతి. చిన్నపిల్లల చెప్పులకు చర్రుమని పీకి మళ్లీ అంటించే పట్టీ ఉంటుంది. ఒక ముక్క గరుకు, ఒక ముక్క మెత్తన. మెత్తని ముక్క ఏడాదంతా పిల్లలు పీకినా అరగదు. మైదుకూరు చెప్పుల అంగట్లో మూరెడు కొన్నాను. గోరంతవి రెండు కత్తిరించి, దారం లేవకుండా అంచు కుట్టి ఇందులో పెట్టాను. అంటించే ముందు అక్కడి నూనె బాగా తుడువు. అది నీకు నేను చెప్పాల్సింది కాదు.

ఓబులమ్మ


కర్నూలు,
8 మార్చి 2023.

ఓబులమ్మకు,

పట్టీలు అందాయి. స్పిరిటు గుడ్డతో మూడుసార్లు తుడిచి, బంక రాసి, రాత్రంతా బరువు కింద ఉంచాను. తర్వాత రెండు రైఫిళ్లు ఆరు రోజులు కాల్చారు. పట్టీ నల్లబడింది కానీ కదల్లేదు. దాని కింద పూత కొత్తదానిలాగే ఉంది. ఖోకా మూతి గుండ్రంగా ఉంది, సొట్ట లేదు.

ఇంకొక మేలు. పట్టీకి తగిలిన ఖోకా దూరం పోవడం లేదు. రెండడుగుల్లో పడుతుంది. పక్కన గోనెపట్ట పరిచాను. కొమ్మ దులిపితే రేగుపండ్లు పడ్డట్టు అన్నీ ఒక్కచోటే పడుతున్నాయి. ఏరుకోవడం సులువైంది.

మా రిజర్వు ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. నరసన్న గారు చూసి మెచ్చుకున్నారు. స్టాకు రిజిస్టరులో ఎందుకు పెట్టామో రాయమన్నారు. "రైఫిల్ నలుపు పోకుండా, ఖోకా నొక్కుకుపోకుండా" అని రాశాను. నలభై రైఫిళ్లకూ పెట్టమన్నారు. ఇంకో ముప్పై ఎనిమిది పంపగలవా? కుట్టు ఇట్లాగే ఉండాలి. ఇక్కడి దర్జీకి చూపిస్తే నవ్వాడు.

గుడ్ ఫ్రైడేకి సెలవు దొరికింది. ఈస్టరు దాకా ఉంటాను.

మాట్లాడటం ఇష్టం లేక కాదు. ఆ సంగతి మళ్లీ రాస్తాను.

లేవి


నల్లగుట్టపల్లె,
16 ఏప్రిల్ 2023.

మామా,

నువ్వు పోయి వారం. గోడ మీద నీ తువ్వాలు అట్లే ఉంది, ఉతకలేదు.

మనసులో ఒకటి పెట్టుకుని నీ రాక కోసం చూశాను. కర్నూలులో నీకు ఇంకేదో దారి దొరికింది, అందుకే ఫోను మానేశావు అనుకున్నా. తప్పుగా అనుకున్నా, ఒప్పుకుంటున్నా. ఉన్న మూడు రోజులూ నువ్వు నా మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. నేను పొయ్యి దగ్గర ఉంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నావు. రుబ్బుతూ మాట్లాడుతుంటే చుట్టూ తిరిగి నా ముందుకు వచ్చావు. పెళ్లయిన కొత్తలో కూడా నువ్వు నన్ను అట్లా చూడలేదు. నాకు నలభై నాలుగేండ్లు మామా. సిగ్గేసింది. ఎవరికీ చెప్పలేదు.

గుళ్లో జరిగింది మాత్రం ఊరంతా చెప్పుకుంటున్నారు. ఈస్టరు పాట అయిపోయి అందరూ కూర్చున్నా నువ్వు కళ్లు మూసుకుని ఆఖరి చరణం ఒక్కడివే పాడావు. గాబ్రియేలు అయ్యగారు ఈ ఆదివారం ప్రసంగంలో ఆ మాటే చెప్పారు. "లేవి మాదిరి మైమరిచి పాడేవాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉండారు?" అని అడిగారు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. నేను తల వంచుకున్నా కానీ సంతోషమే అయింది.

ముప్పై ఎనిమిది కుట్టడం అయింది. సూది మొన రెండుసార్లు విరిగింది. వీటితోపాటు ఇంకో రెండు ఎక్కువ పెట్టాను. ఎండలకు బంక కారితే పనికొస్తాయి.

ఆరున్నరకు ఒక్కసారి మాట్లాడు. ఎక్కువ వద్దు. సంగటి తిన్నావా లేదా చెప్పినా చాలు.

ఓబులు


కర్నూలు,
7 మే 2023.

ఓబులమ్మకు,

పట్టీలన్నీ పెట్టేశాను. నలభై రైఫిళ్లూ ఒక్క తీరుగా ఉన్నాయి. వరుసగా నిలబెట్టి చూస్తే ఎవరి పనో తెలిసేటట్టు ఉన్నాయి. కుట్టు చూసి నీ చెయ్యి గుర్తుపడతాను.

ఎండ ఎక్కువగా ఉంది. రేంజి నేలంతా నల్లరేగడి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చింది. పోయిన వారం ఒక రైఫిల్ పట్టీ మధ్యాహ్నపు వేడికి జారింది. ఖోకాలు మళ్లీ దూరం ఎగిరాయి. ఆ పూట లెక్కలో ఒకటి తగ్గింది. నలభై మందినీ మోకాళ్ల మీద పాకించి వెతికించారు. చివరికి దొరికింది. అది నెర్రెలోకి దిగిన చప్పుడు ప్రదీప్‌కుమార్ విన్నాడట, నేరుగా పోయి చెయ్యి పెట్టి తీశాడు. మంచి పిల్లోడు. అనంతపురం వాడు. రేంజిలో నాకు సాయంగా వేశారు.

నువ్వు ఎక్కువ పంపిన రెండిట్లో ఒకటి ఆ రైఫిల్‌కు పెట్టాను.

ఖాకీ చొక్కా ఒకటి కాలరు దగ్గర చినిగింది. నేనే కుట్టుకున్నాను, వంకరగా వచ్చింది. పని జరుగుతుంది.

పిల్లలకు ఎండలో ఆటలు వద్దు.

లేవి


నల్లగుట్టపల్లె,
18 మే 2023.

లేవి మామకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నా. ఖోకా పడిన చప్పుడు ప్రదీప్ విన్నాడా? అప్పుడు నువ్వు యాడున్నావు?

రేంజిలో వెనక్కి తిరిగి నిలబడి, ఎన్ని పడ్డాయో, ఏ పక్క పడ్డాయో చెప్పేవాడివి నువ్వు. కడపలో ఉన్నప్పుడు పెద్ద ఆఫీసర్లు పందెం కాసి ఓడిపోయారని నువ్వే చెప్పావు. మన పెళ్లయిన నెలకు నా ముక్కుపుడక మర ఊడి నాపరాయి మీద పడింది. నేను దీపం పట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటే, పడుకున్నచోటు నుంచి లేవకుండా "బియ్యం డబ్బా వెనకాల, గోడ మూల" అన్నావు. అక్కడే ఉండింది. చెవితో ఏరే మనిషికి గోనెపట్ట ఎందుకు? ఖోకాలన్నీ ఒక్కచోటే పడేటట్టు పట్టీ ఎందుకు? రైఫిల్ నలుపు కోసమేనా?

ఇవన్నీ వరుసగా పెట్టుకుని కూర్చున్నా. కాకి అరిచినా నీకు సిగ్నల్ లేకపోవడం. పాట అయిపోయినా నువ్వు పాడటం. నేను రుబ్బుతుంటే ముందుకు వచ్చి కూర్చోవడం.

ఆ మూడు రోజులూ నువ్వు నన్ను చూశావనుకున్నా మామా. నా నోరు చూశావు. నేనేం మాట్లాడుతున్నానో తెలుసుకోవడానికి చూశావు. నేను అద్దంలో మొహం చూసుకున్నా, కొత్త రైక తొడుక్కున్నా. ఇది రాయడానికి కూడా నామోషీగా ఉంది, అయినా రాస్తున్నా.

ఎంత వినబడుతుంది, ఎప్పటి నుంచి, ఉన్నది ఉన్నట్టు రాయి. చొక్కా కాలరు ఊరికే చినగదు. అదెట్లా చినిగిందో కూడా రాయి.

ఓబులమ్మ


కర్నూలు,
29 మే 2023.

ఓబులమ్మకు,

ఉన్నది రాస్తున్నాను.

ఎడమ చెవి పోయి ఐదేండ్లయింది. అది నీకు చెప్పకపోయినా కుడి చెవితో నెట్టుకొచ్చాను. పోయిన క్రిస్మస్ నుంచి కుడిది కూడా తగ్గుతూ వచ్చి పోయింది. మా కాలంలో చెవుల్లో దూది పెట్టుకుంటే భయస్తుడనేవాళ్లు, ఎవరం పెట్టుకోలేదు. ఇక్కడ ఊళ్లో డాక్టరుకు చూపించాను. నరం దెబ్బతింది, తిరిగి రాదన్నాడు. చెవి మిషన్ పెట్టి చూశాడు. చప్పుడు వచ్చింది, మాట రాలేదు. చేటలో బియ్యం చెరిగినట్టు ఉంది.

నువ్వు ఫోను చేస్తే ఎత్తేవాడిని. అవతల నువ్వే ఉన్నావని తెలుసు. ఏం అంటున్నావో తెలియదు. నువ్వు ఒకటి అడిగితే నేను ఇంకొకటి చెబుతానని భయం. అందుకే సిగ్నల్ లేదని పెట్టేశాను. అట్లా పెట్టేసి ఆ ఫోను పట్టుకుని కూర్చునేవాడిని. నీ గొంతు గుర్తు చేసుకుంటాను. వస్తుంది. ఇంకో ఏడాదికి వస్తుందో లేదో తెలియదు.

రేంజిలో కాల్చేచోట నాపరాళ్లు పరిచారు. ఖోకా రాయి మీద పడితే ఒక చప్పుడు, మట్టిలో పడితే ఒకటి, కంపలో పడితే ఒకటి. ఇరవై ఎనిమిదేండ్లు ఆ చప్పుడుతోనే పని చేశాను. అది పోయాక ఒక్కొక్క ఖోకాకు అరగంట వెతికేవాడిని. ఎవరికైనా తెలుస్తుందని పట్టీ పెట్టాను. రిజిస్టరులో రాసింది అబద్ధం కాదు. కానీ నేను పెట్టింది అందుకు కాదు.

కాలరు సంగతి. ఏప్రిల్ 26. కాల్పులు ఆగాక విజిల్ వేస్తారు, ఆ తర్వాతే ముందుకు పోయి ఏరాలి. విజిల్ నాకు వినబడదు. కాల్చేవాళ్లు లేస్తే ఆగినట్టు గుర్తు పెట్టుకున్నాను. ఆరోజు చివర ఉన్నవాడు కాలు తిమ్మిరెక్కి లేచాడు. నేను ముందుకు అడుగు వేశాను. నా పక్కవాడి దగ్గర ఇంకో గుండు ఉంది. ప్రదీప్ కాలరు పట్టి వెనక్కి గుంజాడు. అంతలో ఆ పక్కవాడు కాల్చాడు. చప్పుడు సరిగా తెలియలేదు. మొహానికి గాలి కొట్టింది. "ఏమప్పా, విజిల్ వినబడలా?" అన్నాడు ప్రదీప్. పెదాలు చూసి తెలుసుకున్నాను. ధ్యాస లేదన్నాను.

ఇంకా నాలుగేండ్లు సర్వీసు ఉంది. ఇది తెలిస్తే ఆయుధాగారంలో ఉంచరు. గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు, లేకుంటే ఇంటికి పంపుతారు. నాకు రైఫిల్ తప్ప ఇంకో పని రాదు. నువ్వు ఎవరికీ చెప్పొద్దు.

ఈస్టరుకు నీ నోరు చూసిన మాట నిజం. కొత్త రైక కూడా చూశాను. ఆకుపచ్చది.

లేవి


నల్లగుట్టపల్లె,
5 జూన్ 2023.

మామా,

నీ ఆర్.ఐ. గారికి చెప్పు. ఈ నెల లోపల చెప్పకుంటే నేను బస్సెక్కి వచ్చి చెబుతా. నాలుగు గంటల దారి, అంతే.

నీకోసం కూడా కాదు. ఆ రోజు కాల్చిన పిల్లోడిని గురించి అనుకున్నా. ప్రదీప్ గుంజకుండా ఉంటే ఆ పిల్లోడు బతుకంతా నిన్ను మోసేవాడు. వాడి తప్పు ఏముంది? విజిల్ వాడికి వినబడింది, నీకు వినబడలేదు. రైఫిల్ మీద గీత పడకూడదని అంత చూస్తావు, ఇది ఎట్లా చూడలేకపోయావు?

గేటు దగ్గర స్టూలు వేస్తే కూర్చో. కూర్చోవడం నామోషీ కాదు.

నా గొంతు మరిచిపోతానని రాశావు. మరిచిపోతే నేను చేయగలిగింది లేదు. నీ గొంతు మాత్రం నాకు కావాలి. దానికి నీ చెవులతో పని లేదు. రోజూ ఆరున్నరకు నేను ఫోను చేస్తా. చొక్కా జేబులో పెట్టుకో, అది వణుకుతుంది. ఎత్తి నువ్వు మాట్లాడు, నేను వింటా. నువ్వు పెట్టేసిన తర్వాత నేను ఒక్క రింగు ఇస్తా. ఒక్కసారి వణికితే విన్నానని అర్థం. అంతకంటే ఏమీ అక్కరలేదు.

ముందు చెప్పు. తర్వాతే ఫోను.

ఓబులమ్మ


కర్నూలు,
24 జూన్ 2023.

ఓబులమ్మకు,

చెప్పాను. నోటితో చెప్పలేక అర్జీ రాసి చేతికిచ్చాను.

నరసన్న గారు రెండుసార్లు చదివారు. ఏదో అన్నారు. నాకు అందలేదు. అప్పుడు అర్జీ వెనక్కి తిప్పి "ఎన్నాళ్ల నుంచి?" అని రాశారు. క్రిస్మస్ నుంచి అన్నాను. "ఏప్రిల్ 26?" అని రాశారు. అవునన్నాను. చాలాసేపు పెన్ను మూత పెట్టి తీస్తూ కూర్చున్నారు. ఆయన కోపపడితే బాగుండేదనిపించింది. తర్వాత రాశారు: "రేపటి నుంచి రేంజికి పోవద్దు. లోపల బెంచి మీద మరమ్మతు పని చెయ్యి. మెడికల్ బోర్డుకు పంపుతాను. ఆ తర్వాతిది నా చేతిలో లేదు."

పట్టీలు పీకేయమంటారా అని అడిగాను. ఆయనే లేచి పోయి ఒక రైఫిల్ తీసి, పట్టీ అంచు గోటితో లేపి చూశారు. కింద నలుపు చెక్కుచెదరలేదు. "ఉండనీ" అని ఒక చీటీ మీద రాశారు. ఆ చీటీ నా దగ్గరే ఉంది.

రేంజి పని ప్రదీప్‌కు ఇచ్చారు. కొత్త పని, లెక్క తప్పితే వాడి పేరు మీద పోతుంది. చెప్పగలిగినంత చెప్పాను. ఖోకా ఎట్లా వినాలో మాత్రం నేర్పించలేను.

చెప్పేశానని మొన్న నీకు ఫోను చేసి ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను కదా. నిన్న ఆరున్నరకు ఫోను వణికింది. ఎత్తాను. ఆయుధాగారం వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచక రైఫిల్ నంబర్లు చదివాను, నువ్వు విన్నావు. పెట్టేశాక జేబులో ఒక్కసారి వణికింది. అట్లాగే చెయ్యి జేబు మీద పెట్టుకుని కూర్చున్నాను. భోజనం గంట కొట్టినట్టున్నారు, అందరూ పోతున్నారు. నేను కాసేపు ఆగి పోయాను.

లేవి


నల్లగుట్టపల్లె,
7 జులై 2023, సాయంత్రం.

మామా,

ఈ కాగితం పోస్టులో వేయడం లేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే తెస్తున్నా. గేటు దగ్గర నోటితో చెబితే నీకు సగం అందుతుంది, సగం అందదు. లెక్క తప్పకూడదు కాబట్టి రాసుకుని వస్తున్నా.

ఇప్పుడే ఫోనులో చెప్పావు. మంగళవారం లెక్కలో ఒక ఖోకా తగ్గిందని, మూడు రోజులుగా రేంజిలో వెతుకుతున్నారని, వానకు నెర్రెలు మూసుకుపోయాయి కాబట్టి ఇక దొరకదని, సోమవారం ప్రదీప్ పేరు మీద రిపోర్టు పోతుందని. "నా పని వాని నెత్తిన పడింది" అన్నావు. నీ గొంతు బాగలేదు.

అది రేంజిలో లేదు. ఎక్కడ పడిందో నాకు తెలుసు.

మంగళవారం నువ్వు వసారాలో మాట్లాడుతున్నప్పుడు నీ వెనక ఎవరో పెద్ద డబ్బాలో ఖోకాలు పోశారు. తర్వాత డబ్బా ఎత్తుకుని పోయిన అడుగులు వినబడ్డాయి. సరిగ్గా నువ్వు "ఈపొద్దు సంగటి గట్టిగా ఉండింది" అన్నప్పుడు ఒకటి రాయి మీద పడింది. రెండుసార్లు ఎగిరింది. ఆ తర్వాత ఇనుము మీద ఒకసారి తగిలింది. ఆ తర్వాత లోతులో బోలుగా ఒక చప్పుడు. అడుగులు ఆగలేదు. రేంజి నుంచి వచ్చిన పూట ఎవరి చెవులూ సరిగా పనిచేయవని నువ్వే చెప్పేవాడివి, ప్రదీప్ కూడా విని ఉండడు. నాకు వినడం తప్ప వేరే పని లేదు కాబట్టి విన్నా. అప్పుడు పోయిందనుకోలేదు, ఎవరో తీసుకుంటారులే అనుకున్నా.

రెండేండ్ల కింద నేను వచ్చినప్పుడు ఆ వసారాలో వాననీళ్లు పోయే మోరీ జాలీలో నా చెప్పు ఇరుక్కుంది. మెట్టు మీద కూర్చుంటే నీ వీపు వెనక, ఎడమ పక్క. ఆ జాలీ లేపి చూడండి. వాన గట్టిగా పడితే కొట్టుకుపోతుంది, అందుకే పొద్దునకే వస్తున్నా.

నీ ఫోనులో మెసేజీ కనబడదు, అక్కడ ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. ఈ సంగతి చెప్పాలనే నువ్వు పెట్టేశాక వరుసగా రింగులు ఇచ్చా. ఒకటి కాదు, ఏడో ఎనిమిదో. నీకు ఏదో ఉందని తెలుస్తుందనుకున్నా. నువ్వు ఎత్తావు. "ఏందే ఇన్ని రింగులు?" అన్నావు. ఆగావు. తర్వాత మెల్లగా, "సరేలే ఓబులూ. నాకూ అట్లనే ఉండాది. నువ్వు లేక ఈడ ఏమీ బాగలేదు" అన్నావు. అని ఠక్కున పెట్టేశావు.

ఆ రింగులు ఖోకా కోసం ఇచ్చినవి మామా. నువ్వు ఇంకో రకంగా తీసుకున్నావు. ఇరవై రెండేండ్లలో ఆ మాట నీ నోట వినడం ఇదే. నువ్వు పెట్టేశాక కూడా నేను ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. ఆ తర్వాత విన్నానని ఒక్క రింగు ఇచ్చా. అది మాత్రం ఆ మాటకే.

బోర్డు ఏం రాసినా రాయనీ. అది వేరే సంగతి.

రేపు నువ్వు గేటు దగ్గర నిలబడి ఈ కాగితం చదువుతుంటే నేను ఎదురుగా ఉంటా. ముందు ప్రదీప్‌ను పిలిచి జాలీ లేపించు. ఖోకా దొరికిన తర్వాత తల ఎత్తి నా నోటి వైపు చూడు. నేను కూడా ఒక మాట చెప్పాలి. చిన్నదే. మెల్లగా చెబుతా.

ఓబులు